అంకుల్ టామ్స్ కేబిన్ 1852 జత: మొదటి సంపుటం ఒక ముద్రణ, రెండోది ఇంకో ముద్రణ. ఏం చెయ్యమంటారు?

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. పోయిన శనివారం సిన్సినాటి దగ్గర ఒక ఊళ్లో ఎస్టేట్ సేల్ అంటే వెళ్లాం. ఇంటి పెద్దావిడ పోయారట, పిల్లలు సామానంతా అమ్మేస్తున్నారు. నేను వెళ్లింది ఇనప మూకుడు దొరుకుతుందేమోనని. బేస్‌మెంట్‌లో పాత వంటల పుస్తకాలున్న ఒక చెక్కపెట్టె అడుగున ఈ మూడు పుస్తకాలు కనిపించాయి. పెట్టె మొత్తం అరవై డాలర్లకు ఇచ్చేశారు.

అందులో రెండు అంకుల్ టామ్స్ కేబిన్ సంపుటాలు, బానిసత్వానికి వ్యతిరేకంగా హారియట్ బీచర్ స్టోవ్ రాసిన నవల. గోధుమరంగు గుడ్డ అట్ట, ముందువైపు బంగారు రంగులో గుడిసె బొమ్మ, చాలామటుకు వెలిసిపోయింది. టైటిల్ పేజీలో బోస్టన్, జాన్ పి. జ్యూయెట్ అండ్ కంపెనీ, దాని కింద క్లీవ్‌లాండ్ ప్రచురణకర్త పేరు, 1852. మొదటి సంపుటంలో అంతవరకే ఉంది. రెండో దాంట్లో మాత్రం "ట్వెంటియత్ థౌజండ్" అని అదనంగా ఒక మాట ఉంది. అంటే ఇవి రెండూ ఒక జత కావా? ఎవరో వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కలిపారా? మొదటి ముద్రణ రెండో సంపుటం విడిగా వెతికి కొని జత పూర్తి చెయ్యమని మా ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చారు.

మూడోది ఆంట్ ఫిల్లిసెస్ కేబిన్. రాసింది మేరీ ఈస్ట్‌మన్, ఫిలడెల్ఫియాలో అచ్చయింది, ఇదీ 1852దే. స్టోవ్ నవలకు జవాబుగా బానిసత్వాన్ని సమర్థిస్తూ రాసిందట. మా ఆయన నాలుగు పేజీలు చదివి, ఇలాంటిది మన ఇంట్లో ఎందుకు, ఎవరికైనా ఇచ్చెయ్యి అన్నారు. ఉంచుకోవాలంటే నాకూ మనసు ఒప్పుకోవట్లేదు. అలాగని ఇచ్చేయడానికి చెయ్యి రావట్లేదు.

అమ్ముదామని అడగట్లేదు. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా నాన్న స్టోవ్ కథ చెప్పారు. బిడ్డనెత్తుకుని పారిపోతున్న బానిస తల్లి ఎలైజా మంచుగడ్డల మీద ఒహాయో నది దాటిన ఘట్టం చెబుతూ ఆయన గొంతు మారిపోవడం నాకింకా గుర్తుంది. ఆ నది ఇప్పుడు మా ఇంటి నుంచి రెండు గంటల దూరం. అందుకే అడుగుతున్నాను.

గోదారిగట్టు:

అమ్మా, ముందు ఒక పని చెయ్యండి. రెండు సంపుటాల్లోనూ టైటిల్ పేజీ తిప్పి కాపీరైట్ పేజీ చూడండి. కింద చిన్న అక్షరాల్లో హోబర్ట్ అండ్ రాబిన్స్ అనే పేరు ఉందేమో చూడండి. అక్షరాలు పోత పోసి అచ్చు పలకలు తయారుచేసిన బోస్టన్ సంస్థ అది. మొదటి ముద్రణ సెట్టులో ఆ పేరు రెండు సంపుటాల్లోనూ ఉండాలి, టైటిల్ పేజీ మీద వేల లెక్క ఉండకూడదు. మొదటి సంపుటం 312 పేజీలు, రెండోది 322. బొమ్మలు రెండింట్లో కలిపి 6, హమ్మట్ బిల్లింగ్స్ గీసినవి. ముందు వాటిని లెక్కపెట్టండి. పాత పుస్తకాల్లో బొమ్మలు చింపుకుని గోడకు తగిలించుకునేవాళ్లు ఎక్కువ.

"ట్వెంటియత్ థౌజండ్" అంటే ఇరవయ్యో వేయి. 1852 మార్చి 20న పుస్తకం వచ్చింది, మొదట వేసింది 5,000 ప్రతులు. అవి రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత అదే పలకల మీద మళ్లీ మళ్లీ వేస్తూ, ఎంతవరకు వచ్చామో టైటిల్ పేజీ మీద అచ్చు వేసుకుంటూ పోయారు. ఏడాది తిరిగేసరికి అమెరికాలోనే 3 లక్షలు అమ్ముడయ్యాయి. పలకలు అవే కాబట్టి లోపలి పేజీలు పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియదు. ఆ చిన్న చిన్న గుర్తులే మనకు ఆధారం.

నేను ముప్పై ఏళ్లుగా సిన్సినాటిలో ఉంటున్నాను. మాది రాజమండ్రి. పాత పుస్తకాల పిచ్చి హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద పట్టుకుంది. ఇక్కడికి వచ్చాక వాల్‌నట్ హిల్స్‌లో స్టోవ్ ఉన్న ఇల్లు చూశాను. ఆవిడ 1832లో ఈ ఊరు వచ్చింది. పద్దెనిమిదేళ్లు ఉంది. అవతలి ఒడ్డు కెంటకీ, అక్కడ మనిషిని కొనొచ్చు, అమ్మొచ్చు. ఇవతలి ఒడ్డున కుదరదు. మధ్యలో ఉన్నది నది ఒక్కటే. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి కదా, ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఇక్కడికి యాభై మైళ్ల దూరంలో రిప్లీ అనే ఊరుంది. అక్కడ గుట్ట మీద జాన్ రాంకిన్ అనే పాస్టరు ఇల్లు ఉంది. పారిపోయి వచ్చినవాళ్లకు దారి తెలియడానికి కిటికీలో దీపం పెట్టేవారట. కింద నుంచి ఆ ఇంటికి మెట్లున్నాయి. ఒక్కసారి ఎక్కి చూడండి. పైకి వెళ్లి వెనక్కి తిరిగితే కెంటకీ గట్టు మీద చెట్లు విడివిడిగా కనిపిస్తాయి. అంత దగ్గర.

ఇక జత పూర్తి చేసే సంగతి. ఆ పని చెయ్యకండి. ఎందుకో నా అనుభవం చెబుతాను.

నేను మొట్టమొదట కొన్న సెట్టు ఆన్‌లైన్ వేలంలో. మొదటి ముద్రణ, రెండు సంపుటాలు, టైటిల్ పేజీలతో సహా సంపూర్ణం అని రాశారు. ఏడాది పాటు దాచుకున్న డబ్బు పెట్టాను. వచ్చాక రాత్రి బల్లదీపం దగ్గర రెండో సంపుటం టైటిల్ పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. మిగతా పేజీలన్నీ పాత గుడ్డపేలికల గుజ్జుతో చేసిన కాగితం. వెలుతురులో మబ్బు మబ్బుగా, పీచు కనిపిస్తూ ఉంటుంది. ఈ ఒక్క పేజీ మాత్రం అద్దంలా ఒకే తీరుగా ఉంది. వేలు పెట్టి రాస్తే మిగతా పేజీల్లో అక్షరం కాగితంలోకి దిగిన ఒత్తిడి తగులుతుంది, దీంట్లో నున్నగా ఉంది. కుట్టు దగ్గర చూస్తే, చింపేసిన పాత పేజీ మొదలు వేలెడు వెడల్పున మిగిలి ఉంది. దానికి ఈ కొత్తది అతికించారు. వేల లెక్క ఉన్న అసలు టైటిల్ పేజీ తీసేసి, నకలు పెట్టి, మొదటి ముద్రణగా అమ్మారన్నమాట. అమ్మినవాళ్లు నా ఉత్తరాలకు జవాబే ఇవ్వలేదు.

రెండు ఇళ్ల పుస్తకాలను విడదీసి కొత్త జతలు కట్టే అలవాటు నుంచే ఇలాంటివి మొదలవుతాయి. మీ దగ్గరున్న రెండూ ఎక్కడ కలిశాయో, ఎప్పుడు కలిశాయో ముందు తెలుసుకోండి. లోపలి అట్టల మీద, మొదటి ఖాళీ కాగితం మీద పేర్లు ఏమన్నా ఉన్నాయా? పెన్సిల్‌తో రాసినవి మసకగా ఉంటాయి. టార్చిలైటు పక్కనుంచి, దాదాపు కాగితానికి ఆనించినట్టు పట్టి చూస్తే పైకి తేలతాయి. దొరికింది ఏదైనా తుడవకండి.

ఆంట్ ఫిల్లిసెస్ గురించి. ఉంచుకోండి. స్టోవ్ పక్కనే ఉంచండి. ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. ఈ పుస్తకాలు పోగేసేవాళ్లలో చాలామంది స్టోవ్ మొదటి ముద్రణ కొని గాజు అలమరలో పెట్టి అక్కడితో ఆగిపోతారు. అప్పుడు అది ట్రోఫీ అవుతుంది. 1852లో ఆ పుస్తకం ఒక పోట్లాటలో ఒక పక్షం. అవతలి పక్షం ఏమంటోందో పక్కన లేకపోతే ఇవతలి మాట అంత గొంతెత్తి ఎందుకు చెప్పాల్సి వచ్చిందో అర్థం కాదు. స్టోవ్ పుస్తకం వచ్చిన ఏడాదే ఈస్ట్‌మన్ జవాబు వచ్చింది. 1854లో కరోలిన్ లీ హెంట్జ్ ప్లాంటర్స్ నార్దర్న్ బ్రైడ్ వచ్చింది. ఇలాంటివి వరసగా చాలా వచ్చాయి. ఇవన్నీ కథలు, కట్టుకథలు అని దక్షిణాది వాళ్లు అంటే, స్టోవ్ 1853లో తన ఆధారాలన్నీ కుప్పపోసి ఎ కీ టు అంకుల్ టామ్స్ కేబిన్ అని ఇంకో పుస్తకమే వేసింది. అది పాత పుస్తకాల షాపుల్లో మామూలు ధరకే దొరుకుతుంది. మీకు దొరికితే వదలకండి.

కానీ ఈ పోట్లాటలో ముఖ్యమైన గొంతు ఇద్దరు తెల్ల ఆడవాళ్లది మాత్రమే అనుకుంటే పొరపాటు. విలియం వెల్స్ బ్రౌన్ స్వయంగా బానిసగా పుట్టి పారిపోయినవాడు. ఆయన రాసిన క్లోటెల్ నవల 1853లో లండన్‌లో అచ్చయింది, పార్ట్రిడ్జ్ అండ్ ఓకీ వాళ్లు వేశారు. లండన్‌లో ఎందుకంటే, 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం వచ్చాక ఆయన అమెరికా తిరిగొస్తే పట్టుకుని అప్పగించొచ్చు. ఇంగ్లండ్ మిత్రులు డబ్బు కట్టి ఆయన స్వేచ్ఛను కొన్నది 1854లో. అధ్యక్షుడి కూతురు అని ఆ నవలకు ఉపశీర్షిక, ఆ అధ్యక్షుడు జెఫర్సన్. తర్వాత 1864లో బోస్టన్‌లో అదే కథను సైనికుల కోసం చవక అట్టతో వేసినప్పుడు జెఫర్సన్ పేరు లేదు. రెండు అచ్చులూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ ఒక్క పేరు లేకపోవడమే ఎంత చెబుతుందో. లండన్ అచ్చు నా దగ్గర లేదు. లైబ్రరీలో చేతి తొడుగులు లేకుండా, శుభ్రంగా కడుక్కున్న చేతులతో ఒక గంట చూశాను, అంతే.

హారియట్ విల్సన్ 1859లో బోస్టన్‌లో తన నవల అచ్చు వేయించుకుంది. జబ్బుపడ్డ కొడుకును పోషించుకోవడానికి డబ్బు కోసం రాశానని ముందుమాటలో చెప్పుకుంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ పిల్లవాడు చనిపోయాడు. తర్వాత వందేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్దిమందీ రాసింది తెల్లవాళ్లే అయ్యుంటారనుకున్నారు. హెన్రీ లూయిస్ గేట్స్ పరిశోధన చేసి 1983లో మళ్లీ వేయించారు. ఆవిడ నల్లజాతి స్త్రీ అని రుజువు చేసిన కాగితాల్లో ఒకటి ఆ పిల్లవాడి మరణ ధ్రువపత్రం. కొడుకును బతికించుకోవాలని రాసిన పుస్తకం తనదేనని చెప్పడానికి ఆ కొడుకు చావు కాగితం పనికొచ్చింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మాట రాదు.

కాగితంపని:

హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో పాత పుస్తకాల మరమ్మతు విభాగంలో పనిచేస్తాను. పై పెద్దాయన చెప్పినవన్నీ సరైనవే. నావి రెండు మాటలు.

పేజీల మీద బూడిదరంగు, తుప్పురంగు చుక్కలుంటే రబ్బరుతో గానీ బ్రెడ్ ముక్కతో గానీ రుద్దకండి. బేస్‌మెంట్ నుంచి వచ్చాయన్నారు కాబట్టి తడివాసన ఉంటుంది. వెంటనే బీరువాలో మూసి పెట్టకండి. పొడి గదిలో, ఎండ తగలకుండా, పేజీలు కాస్త విచ్చుకునేలా నిలబెట్టి వారం ఉంచండి. ఫ్యాను గాలి సూటిగా వద్దు. వెన్నుగుడ్డ ఊడివస్తుంటే సెల్లో టేపు మాత్రం ముట్టుకోకండి. పదేళ్లకు ఆ జిగురు పసుపై కాగితంలోకి దిగితే ఇక ఎవరి వల్లా కాదు. తెల్లటి నూలు నాడాతో వదులుగా కట్టి ఉంచితే చాలు.

1852 కాగితం గట్టిదే. చెక్కగుజ్జు కాగితం అప్పటికి ఇంకా అంతగా రాలేదు. మా దగ్గర 1930ల తెలుగు పుస్తకాలు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతున్నాయి. మీవి ఇంకో నూట యాభై ఏళ్లు హాయిగా ఉంటాయి.

నల్లగొండ బిడ్డ:

అక్కా, నాకు పుస్తకాల ముద్రణల సంగతి తెల్వదు. ఆ మూడో పుస్తకం ఉంచాల్నా వద్దా అన్నదానికే రాస్తున్న.

మా తాత దొర గడీల వెట్టి చేసిండు. పొద్దుగాల నీళ్లు మోసుడు, పెండ తీసుడు, దొర ఊరికి పోతే బండి ముంగట ఉరుకుడు. నేను డిగ్రీల ఉన్నప్పుడు ఆ దొర మనవడు ఒకాయన ఓ పెండ్లిల కలిసిండు. మంచిగనే మాట్లాడిండు. మాటల మధ్యల, మీ తాతను మా ఇంట్ల మనిషి లెక్కనే చూసుకున్నం, పండుగకు బట్టలు పెట్టేటోళ్లం అన్నడు. ఆయన అబద్ధం ఆడుతుండని నాకు అనిపియ్యలే. ఆయన నిజంగనే అట్ల నమ్ముతుండు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

మీరు చెప్పిన ఆంట్ ఫిల్లిస్ పుస్తకం ఇంటర్నెట్ల దొరికితే సగం చదివిన. వర్జీనియాల దొరల ఇల్లు, అందులో అందరు సంతోషంగ ఉంటరు. ఫిల్లిస్‌ను బోస్టన్‌కు తీస్కపోతే అక్కడోళ్లు వచ్చి నువ్వు పారిపో, నిన్ను విడిపిస్తమంటరు. ఆమె నాకొద్దంటది. చదువుతుంటే ఆ పెండ్లిల విన్న మాటనే మల్ల విన్నట్టయింది. బట్టలు పెట్టినం, మనిషి లెక్క చూసుకున్నం. మా తాతకు వద్దనే హక్కు ఉండెనా అని ఆ మనవణ్ణి నేను అప్పుడు అడగలే.

ఫూలే గులాంగిరి మీరు చదివే ఉంటరు. 1873ల రాసిన ఆ పుస్తకాన్ని ఆయన బానిసత్వం తీసేసినందుకు అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చిండు. ఇక్కడోళ్లు అప్పుడే అక్కడి సంగతి చూసి నేర్చుకున్నరు. అందుకే చెప్తున్న, ఆ పుస్తకం పారెయ్యకు అక్కా. దొరలు తమ గురించి తాము ఏం చెప్పుకున్నరో చేతిల పట్టుకుని చూపెట్టే కాగితం అది.

తెనాలి అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. తమ్ముడూ, నీ మాటలు మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి లేచి వెళ్లి ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద మిగతా రెండింటి పక్కన పెట్టారు.

గోదారిగట్టు గారూ, మీరు చెప్పినట్టే రాత్రి టార్చితో చూశాను. మొదటి సంపుటంలో హోబర్ట్ అండ్ రాబిన్స్ ఉంది. బొమ్మలు ఆరూ ఉన్నాయి, ఒకదాని మూల చిరిగింది. మొదటి ఖాళీ కాగితం మీద సిరాతో ఒక ఆడమనిషి పేరు, కింద ఊరి పేరు. రెండో సంపుటంలో పైకి ఏమీ కనిపించలేదు. టార్చి పక్కనుంచి పట్టేసరికి పెన్సిల్ గీతలు తేలాయి! అదే పేరు, అదే చేతిరాత. పేరులో మొదటి అక్షరానికి పెట్టిన సున్నా కూడా అలాగే ఉంది. దాని కింద "జూన్ 1852".

ఇంకోటి. రెండో సంపుటంలో టామ్‌ను కొట్టిన తర్వాత తోటి బానిస కాసీ అతనికి నీళ్లు తాగించే బొమ్మ దగ్గర, పేజీ అంచున గోరంత కొవ్వొత్తి మైనం పడి ఉంది. కాగితం అక్కడ పారదర్శకంగా అయిపోయింది. అవతలి పేజీ అక్షరాలు దాంట్లోంచి కనిపిస్తున్నాయి.

గోదారిగట్టు:

అమ్మా, మీ పోస్టు మూడుసార్లు చదివాను.

అయితే ఆ జత కుదిరింది 1852 జూన్‌కల్లానే. పుస్తకం వచ్చిన మూడు నెలలకే. రెండు సంపుటాలూ ఒక్కసారే కొన్నదో, మొదటిది ముందు కొని చదివి ఆగలేక రెండోదాని కోసం మళ్లీ వెళ్లిందో మనకు తెలిసే దారి లేదు. ఏదైనా, ఆ రెండింటినీ కలిపింది ఆవిడే. మార్కెట్లో ఈ జతకు మొదటి ముద్రణ జత ధరలో చిన్న భాగమే వస్తుంది. అంతమాత్రాన విడదియ్యకండి. ఒక కాగితం మీద మీరు ఎక్కడ, ఎప్పుడు, ఏ పెట్టెలో తెచ్చారో పెన్సిల్‌తో రాసి మొదటి సంపుటంలో ఉంచండి. ఆమ్లం లేని కాగితం వాడండి. వంటల పుస్తకాల కింద దొరికిన సంగతి కూడా రాయండి.

మైనం గీకకండి.

మీ పోస్టు చదివాక నాకు శామ్యూల్ గ్రీన్ గుర్తొచ్చాడు. మేరీలాండ్‌లో డబ్బు కట్టి స్వేచ్ఛ కొనుక్కున్న నల్లజాతి బోధకుడు. 1857లో అతని ఇల్లు సోదా చేస్తే కెనడా మ్యాపు, రైళ్ల టైముపట్టిక, కెనడా పారిపోయిన కొడుకు రాసిన ఉత్తరం, అంకుల్ టామ్స్ కేబిన్ ప్రతి దొరికాయి. మ్యాపు, ఉత్తరాల మీద శిక్ష పడలేదు. ఆ నవల ఇంట్లో ఉన్నందుకు పదేళ్లు జైలు వేశారు. 1862లో గవర్నరు వదిలిపెట్టాడు, అదీ రాష్ట్రం వదిలి వెళ్లిపోవాలన్న షరతు మీద. నది ఒకవైపు ఒక ఇంట్లో కొవ్వొత్తి ముందు కూర్చుని ఒకావిడ చదివిన పుస్తకం, ఇంకోచోట ఒక మనిషి అయిదేళ్లను తినేసింది. అతని ప్రతి ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే ఎంత దూరమైనా వెళ్లి చూసేవాణ్ణి.

వచ్చే నెల రిప్లీ వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. మీరూ మీవారూ వస్తానంటే ఇక్కడే చెప్పండి. కింద నది దగ్గర కలుసుకుని మెట్లెక్కుదాం. పుస్తకాలు మాత్రం తీసుకురాకండి, ఆ గట్టు మీద తేమ ఎక్కువ.

తెనాలి అమ్మాయి:

తప్పకుండా వస్తామండీ. మా నాన్నగారు వచ్చే నెల ఇక్కడికే వస్తున్నారు, ఆయన్నీ తీసుకొస్తాను. మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లు మధ్యమధ్య ఆగి ఎక్కాలి. ఫోన్లో ఈ సంగతి చెబితే, మంచు కట్టే కాలంలో కాదు కదా, నది ఎలా ఉంటుందో అని అడిగారు. నీళ్లు మామూలుగా పారుతుంటాయి నాన్నా అని చెప్పాను.